కోల్‌కతా కళా మ్యూజియంలలో కొలువులు: ఏ పని, ఏ చదువు, ఏ దారి?

కోల్‌కతా: చౌరంఘీలోని ఇండియన్ మ్యూజియాన్ని నగరవాసులు నేటికీ 'జాదూఘర్' అనే పిలుస్తారు. లోపలికి అడుగుపెట్టిన సందర్శకుల చూపు సహజంగానే భార్హుత్ స్తూపపు ఎర్రరాతి ప్రాకారం మీదో, అమరావతి నుంచి వచ్చిన శిల్పఫలకాల మీదో నిలుస్తుంది. మ్యూజియం పద్ధతి ప్రకారం ప్రతి వస్తువుకూ కంటికి ఆనని చోట సన్నని అక్షరాలతో ఒక సంఖ్య రాసి ఉంటుంది. దానిని గమనించేవారు అరుదు. ఆ వస్తువు ఎక్కడ దొరికింది, ఎవరి ద్వారా వచ్చింది, ఎంత పొడవు, ఎంత బరువు, ఎక్కడ విరిగింది, ఎప్పుడు బాగుచేశారు అన్న వివరాలన్నింటికీ ఆ సంఖ్యే తాళంచెవి. ఆ సంఖ్యను రాసేవారు, దాని వెనుక వివరాలను కాపాడేవారు, వస్తువును చెక్కుచెదరకుండా ఉంచేవారు, దాని కథను సందర్శకులకు అందించేవారు కలిస్తేనే మ్యూజియం అవుతుంది.

కళా మ్యూజియంలో ఉద్యోగం అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేవి రెండే: ద్వారం వద్ద నిలబడే కాపలాదారు, లోపల గదిలో కూర్చునే క్యూరేటర్. ఈ రెండింటి మధ్య పది పన్నెండు రకాల వృత్తులు ఉన్నాయి. వాటిలో ప్రవేశానికి వేర్వేరు చదువులు, వేర్వేరు నియామక మార్గాలు ఉన్నాయి. దేశంలో మ్యూజియం వ్యవస్థ మొదలైన నగరం గనుక ఆ వృత్తుల స్వరూపాన్ని తెలుసుకోవడానికి కోల్‌కతా అనువైన చోటు.

రెండు శతాబ్దాల నాటి తెలుగు దరఖాస్తు

ఈ నగరపు మ్యూజియం చరిత్రతో తెలుగువారికి ఉన్న బంధం పాతదే. 1784లో విలియం జోన్స్ స్థాపించిన ఆసియాటిక్ సొసైటీలో సభ్యులు పంపిన శాసనాలు, శిల్పాలు, నాణేలు, రాళ్లు పోగవుతూ వచ్చాయి. వాటిని ఒక పద్ధతిలో ప్రదర్శించాలని డెన్మార్క్‌కు చెందిన వృక్షశాస్త్రవేత్త నథానియల్ వాలిచ్ 1814 ఫిబ్రవరి 2న సొసైటీకి లేఖ రాశారు. ఇండియన్ మ్యూజియం పుట్టుక ఆ రోజు నుంచే లెక్కిస్తారు. 1866 నాటి చట్టంతో సొసైటీ సేకరణలు మ్యూజియానికి బదిలీ అయ్యాయి. వాల్టర్ గ్రాన్‌విల్ రూపకల్పన చేసిన ప్రస్తుత భవనం 1878లో ప్రజలకు తెరుచుకుంది.

సరిగ్గా ఆ కాలంలోనే కాలిన్ మెకంజీ దక్షిణ భారతాన్ని సర్వే చేస్తూ రాతప్రతులు, శాసన ప్రతులు, నాణేలు, చిత్రాలు సేకరించారు. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. గ్రామాలకు వెళ్లి కైఫియతులు రాయించడం, శాసనాల నకళ్లు తీయడం, ఏది ఎక్కడ దొరికిందో నమోదు చేయడం వారి బాధ్యతలు. నేటి మ్యూజియం పరిభాషలో దీనిని 'డాక్యుమెంటేషన్' అంటారు. బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే మరణించడంతో ఆ భారం లక్ష్మయ్యపై పడింది.

మెకంజీ 1821లో మరణించాక ఆయన సేకరణను ఈస్ట్ ఇండియా కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. హెచ్.హెచ్. విల్సన్ రూపొందించిన జాబితా 1828లో కలకత్తాలో ప్రచురితమైంది. ఆగిపోయిన సేకరణను తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ప్రభుత్వానికి విన్నవించుకున్నారు. ప్రభుత్వం ఆసియాటిక్ సొసైటీ అభిప్రాయం కోరింది. సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ 1836లో ఇచ్చిన అభిప్రాయం ప్రతికూలంగా వచ్చింది. లక్ష్మయ్యే కాదు, స్థానికులెవరూ అటువంటి బాధ్యతకు తగరన్నది దాని సారాంశం. ఆ పని చివరకు విలియం టేలర్ అనే మతాచార్యుని చేతికి వెళ్లింది. క్షేత్రంలో సేకరించే పని స్థానికులది, దానిని విశ్లేషించి అజమాయిషీ చేసే పని పాలకులది అన్న విభజన ఆనాటిది. మ్యూజియం ఉద్యోగాలకు నేడు చదువు, పరీక్ష, ఇంటర్వ్యూ ప్రాతిపదికలు కావడం వెనుక ఇంత దూరపు ప్రయాణం ఉంది.

ఏ మ్యూజియం ఎవరి అధీనంలో

ఉద్యోగం కోరేవారు ముందుగా తెలుసుకోవలసింది యాజమాన్యం గురించి. నియామక విధానం, వేతనం, భద్రత అన్నీ దానిపైనే ఆధారపడి ఉంటాయి.

ఇండియన్ మ్యూజియం, విక్టోరియా మెమోరియల్ హాల్ రెండూ కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ పరిధిలోని స్వయంప్రతిపత్తి సంస్థలు. ఇండియన్ మ్యూజియంలో కళ, పురావస్తు, మానవశాస్త్ర విభాగాలతో పాటు భూగర్భ, జంతు, వృక్ష విభాగాలు కూడా ఉన్నాయి. ఈ చివరి మూడింటితో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, జంతు సర్వేక్షణ సంస్థ, వృక్ష సర్వేక్షణ సంస్థలకు సంబంధం ఉంది. కాబట్టి ఒకే కప్పు కింద పనిచేసే సిబ్బంది ఒకే సంస్థ ఉద్యోగులు కాకపోవచ్చు. విక్టోరియా మెమోరియల్‌కు 1906లో శంకుస్థాపన జరిగింది, 1921 డిసెంబరులో అది ప్రారంభమైంది. థామస్, విలియం డేనియల్ చిత్రించిన భారతీయ దృశ్యాలతో సహా వేలాది చిత్రాలు, రాతప్రతులు, ఆయుధాలు అక్కడ ఉన్నాయి.

కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన ఆశుతోష్ భారతీయ కళా మ్యూజియం 1937లో ఏర్పడింది. దేశంలో విశ్వవిద్యాలయ మ్యూజియంలకు ఇది తొలి నమూనా. బెహాలాలోని పురావస్తు మ్యూజియం రాష్ట్ర ప్రభుత్వానిది. జొరాసాంకోలోని ఠాకూర్ల నివాసంలో నడిచే మ్యూజియం రవీంద్రభారతి విశ్వవిద్యాలయానిది. బిర్లా అకాడమీ ఆఫ్ ఆర్ట్ అండ్ కల్చర్, అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ ప్రభుత్వేతర సంస్థలు. కళకు నేరుగా సంబంధం లేకపోయినా మ్యూజియం ఉద్యోగాల లెక్కలో విస్మరించరానిది జాతీయ విజ్ఞాన మ్యూజియంల మండలి. 1978లో ఏర్పడిన ఈ మండలి ప్రధాన కార్యాలయం కోల్‌కతాలోనే ఉంది. ప్రదర్శన నమూనాల రూపకల్పన, తయారీ నేర్చుకోదలచిన ఇంజినీర్లకు, డిజైనర్లకు ఇది ముఖ్యమైన చిరునామా.

లోపల జరిగే పని

క్యూరేటర్: కొన్ని సంస్థలలో ఈ హోదాను 'కీపర్' అంటారు. డిప్యూటీ, అసిస్టెంట్ స్థాయిలు దాని కింద ఉంటాయి. ఒక విభాగంలోని వస్తువులపై పరిశోధన, కాలనిర్ణయం, కొత్త సేకరణలపై సిఫార్సు, ప్రదర్శనల ఆలోచన, కేటలాగు రచన వీరి బాధ్యతలు. ప్రదర్శనలో సందర్శకులు చదివే యాభై అరవై మాటల వివరణ ఫలకం వెనుక వారాల పరిశోధన ఉండవచ్చు. ఒక శిల్పాన్ని తప్పుగా ఒక ప్రాంతానికి ఆపాదిస్తే ఆ తప్పు పాఠ్యపుస్తకాల దాకా పాకుతుంది.

రిజిస్ట్రార్, డాక్యుమెంటేషన్ సిబ్బంది: మ్యూజియంలోకి వచ్చిన ప్రతి వస్తువునూ ముందుగా 'యాక్సెషన్ రిజిస్టర్'లో నమోదు చేస్తారు. కొలతలు, బరువు, పదార్థం, మూలస్థానం, దాత లేదా విక్రేత వివరాలు, ఛాయాచిత్రం, అప్పటికే ఉన్న పగుళ్లు, మరకల వివరణ అందులో చేరుతాయి. గోదాము నుంచి ప్రదర్శనశాలకు, అక్కడి నుంచి మరమ్మతు గదికి, వేరే నగరపు ప్రదర్శనకు వస్తువు కదిలిన ప్రతిసారీ ఆ కదలికను రాయాలి. సంఖ్యను నేరుగా వస్తువుపై రాయరు. అవసరమైతే తొలగించడానికి వీలుగా పలుచని పారదర్శక పూత వేసి, దానిపై రాసి, మళ్లీ పూత వేస్తారు. కేంద్ర మ్యూజియంలలో ఈ వివరాలను ఇప్పుడు సీ-డాక్ రూపొందించిన 'జతన్' సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తున్నారు. చరిత్ర తెలిసి, కంప్యూటర్‌పై పట్టు ఉన్నవారికి ఈ డిజిటలీకరణ పని మంచి తొలి మెట్టు.

సంరక్షకులు: వీరిది ప్రయోగశాల పని. కోల్‌కతా వంటి తేమ నగరంలో వీరి పాత్ర మరింత కీలకం. వానాకాలంలో కాగితంపై బూజు పడుతుంది. కాన్వాసు సాగి మళ్లీ బిగుసుకునే క్రమంలో రంగు పొర పెచ్చులు లేస్తుంది. కంచుపై ఆకుపచ్చని చిలుము పెరుగుతుంది. పురుగులు గుడ్డను, చెక్కను తొలుస్తాయి. బాగుచేయడం కన్నా పాడవకుండా చూడటమే ఈ వృత్తిలో ప్రథమ సూత్రం. నీటిరంగుల చిత్రాలు, రాతప్రతులు, వస్త్రాలపై పడే కాంతి 50 లక్స్ దాటకూడదని, తైలవర్ణ చిత్రాలకైతే సుమారు 200 లక్స్ వరకు ఫర్వాలేదని సాధారణ ప్రమాణం. కొన్ని గదుల్లో వెలుతురు మసకగా ఉందని సందర్శకులు విసుక్కుంటారు గానీ, ఆ మసకే రంగులకు రక్ష. మరో నియమం, చేసిన ప్రతి మరమ్మతూ భవిష్యత్తులో తొలగించగలిగేదై ఉండాలి. వాడిన జిగురు మొదలుకొని ప్రతిదీ నమోదు కావాలి.

ప్రదర్శన, ఛాయాగ్రహణం, నిర్వహణ: పీఠాలు, అద్దాల పెట్టెలు, దీపాలు, వివరణ ఫలకాలు రూపొందించే డిజైనర్లు, అచ్చులు పోసే మోడలర్లు, ఛాయాగ్రాహకులు, బరువైన విగ్రహాలను సురక్షితంగా కదిలించే నైపుణ్యం ఉన్న సిబ్బంది ఈ వర్గంలోకి వస్తారు. చదువు తక్కువైనా చేతిపనిలో నేర్పున్నవారికి ఇక్కడ చోటుంది.

విద్య, సందర్శకుల సేవలు: పాఠశాల బృందాలకు వివరించే గైడ్ లెక్చరర్లు, చిన్నారుల కోసం కార్యశాలలు నిర్వహించే విద్యాధికారులు, అంధులకు స్పర్శ ద్వారా పరిచయం చేసే నమూనాలు తయారుచేసేవారు, సామాజిక మాధ్యమాల బాధ్యులు ఇందులో భాగం. భాషా నైపుణ్యం వీరికి ప్రధాన అర్హత. బెంగాలీ, హిందీ, ఇంగ్లిష్ మూడూ వచ్చినవారికి కోల్‌కతాలో ప్రాధాన్యం ఉంటుంది.

వీటితో పాటు గ్రంథాలయం, గణాంకం, న్యాయ వ్యవహారాలు, విద్యుత్తు, భద్రత విభాగాలు ఉంటాయి. ఇండియన్ మ్యూజియం భద్రతను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం చూస్తోంది. కనుక కాపలా ఉద్యోగం కోరేవారు ఆ దళం నియామకాలను గమనించాలి, మ్యూజియం ప్రకటనలను కాదు.

ఖాళీ కుర్చీ ఖరీదు

ఇంతమంది అవసరమా అన్న ప్రశ్నకు సమాధానం కొన్ని సంఘటనల్లో ఉంది. 2004 మార్చిలో శాంతినికేతన్‌లోని రవీంద్ర భవన్ మ్యూజియం నుంచి రవీంద్రనాథ్ ఠాకూర్ నోబెల్ పతకం చోరీ అయింది. కేంద్ర దర్యాప్తు సంస్థ రంగంలోకి దిగినా అది దొరకలేదు. నోబెల్ ఫౌండేషన్ ఇచ్చిన ప్రతిరూపాలే ఇప్పుడు మిగిలాయి. అదే ఏడాది డిసెంబరులో ఇండియన్ మ్యూజియం నుంచి ఒక బుద్ధ శిరస్సు మాయమైంది. 2014 ద్విశతాబ్ది వేడుకలకు ముందు ప్రదర్శనశాలల ఆధునికీకరణ జరుగుతుండగా, అశోకుని కాలపు రాంపూర్వా సింహ శిఖరం దెబ్బతిన్నది. రెండు వేల ఏళ్లకు పైగా నిలిచిన రాయికి ముప్పు తెచ్చింది కాలం కాదు, కదలిక.

కాగ్ 2013లో వెలువరించిన నివేదిక దేశంలోని స్మారకాలు, పురావస్తువుల సంరక్షణను సమీక్షిస్తూ నమోదులో, భౌతిక తనిఖీలో లోపాలను, సిబ్బంది కొరతను ఎత్తిచూపింది. జాబితాలో లేని వస్తువు పోయినా పోయినట్టు తెలియదు. ఛాయాచిత్రం, కొలతలు లేని వస్తువు విదేశీ వేలంశాలలో కనిపించినా అది తమదేనని రుజువు చేయడం దుర్లభం. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన శిల్పాలు, చిత్రాల వంటి వాటిని, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులను పురావస్తువులుగా పరిగణిస్తారు. వీటిని దేశం దాటించరాదు. చట్టం కింద 'కళానిధులు'గా ప్రకటితమైన చిత్రకారులు తొమ్మిది మంది. వారిలో రవీంద్రనాథ్, గగనేంద్రనాథ్, అవనీంద్రనాథ్, నందలాల్ బోస్, జామినీ రాయ్, శైలోజ్ ముఖర్జీ బెంగాల్ వారే. వారి చిత్రాల నకళ్లు మార్కెట్లో తిరుగుతున్న నేపథ్యంలో అసలును గుర్తించగల నిపుణుల అవసరం కోల్‌కతాలో అందరికన్నా ఎక్కువ.

ఏం చదవాలి

కలకత్తా విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ బోధన 1959లో మొదలైంది. ఆశుతోష్ మ్యూజియం అదే విశ్వవిద్యాలయానిది కావడం ఇక్కడి విద్యార్థులకు కలిసివచ్చే అంశం. అంతకుముందే, 1952లో, బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం ఈ శాస్త్రాన్ని ప్రారంభించింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోనూ కోర్సు ఉంది. ఢిల్లీలో 1989లో ఏర్పడిన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ ప్రస్తుతం ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ పేరుతో నోయిడా నుంచి నడుస్తోంది. కళాచరిత్ర, సంరక్షణ, మ్యూజియాలజీలలో స్నాతకోత్తర విద్య, పరిశోధనలకు అది ప్రధాన కేంద్రం.

క్యూరేటర్ కావాలనుకునేవారికి మ్యూజియాలజీ ఒక్కటే చాలదు. ప్రాచీన భారత చరిత్ర, పురావస్తుశాస్త్రం, కళాచరిత్ర, సంస్కృతం వంటి ఏదో ఒక విషయంలో లోతైన చదువు ఉండాలి. ప్రకటనల్లో సాధారణంగా ఆ విషయంలో స్నాతకోత్తర పట్టా, మ్యూజియాలజీలో డిప్లొమా లేదా అనుభవం అడుగుతారు. సంరక్షణ వైపు వెళ్లేవారికి రసాయనశాస్త్రం బలమైన పునాది. లక్నోలో 1976లో నెలకొల్పిన జాతీయ సాంస్కృతిక సంపద సంరక్షణ పరిశోధనశాల ఈ రంగంలో శిక్షణ ఇస్తోంది. లలితకళల పట్టా ఉన్నవారు చిత్రాల పునరుద్ధరణలో, ప్రదర్శన రూపకల్పనలో రాణిస్తారు. ఇండియన్ మ్యూజియం పక్కనే ఉన్న ప్రభుత్వ చిత్రకళా కళాశాల చరిత్ర ఇందుకు సాక్ష్యం. అక్కడ ప్రిన్సిపల్‌గా పనిచేసిన పెర్సీ బ్రౌన్ ఆ తర్వాత విక్టోరియా మెమోరియల్ కార్యదర్శిగా, క్యూరేటర్‌గా బాధ్యతలు నిర్వహించారు.

తెలుగు రాష్ట్రాల విద్యార్థులకు ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు విభాగం, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళావిభాగం వంటివి తొలి అడుగుకు ఉపకరిస్తాయి. బ్రాహ్మీ లిపి చదవగలగడం, ప్రాకృతం తెలిసి ఉండటం అమరావతి, నాగార్జునకొండ శిల్పాలపై పనిచేయదలచినవారికి పెద్ద అండ. ఈ శిల్పాలపై చెక్కిన దాన శాసనాలే వాటి కాలాన్ని, దాతలను, ఊళ్లను తెలియజేస్తాయి.

ఉద్యోగంలోకి ఎలా

కేంద్ర ప్రభుత్వ మ్యూజియంలలో నియామకాలు అన్నీ ఒకే చోట జరగవు. ఢిల్లీలోని నేషనల్ మ్యూజియం వంటి అధీన కార్యాలయాలలో ఉన్నత స్థాయి పోస్టులను యూపీఎస్సీ భర్తీ చేస్తుంది. దిగువ స్థాయి సాంకేతిక పోస్టులు కొన్ని స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ప్రకటనల్లో వస్తాయి. ఇండియన్ మ్యూజియం, విక్టోరియా మెమోరియల్, హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం వంటి స్వయంప్రతిపత్తి సంస్థలు సొంతంగా ప్రకటనలు ఇస్తాయి. వాటి వెబ్‌సైట్లను, ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ పత్రికను క్రమం తప్పకుండా చూడటమే మార్గం. విశ్వవిద్యాలయ మ్యూజియంలకు ఆయా విశ్వవిద్యాలయాల నిబంధనలు, రాష్ట్ర మ్యూజియంలకు రాష్ట్ర నియామక సంస్థల నిబంధనలు వర్తిస్తాయి.

శాశ్వత పోస్టులు తక్కువ. ఒక ప్రకటనకు మరో ప్రకటనకు మధ్య ఏళ్లు గడవవచ్చు. ఆ విరామంలో డిజిటలీకరణ, కేటలాగు తయారీ, ప్రత్యేక ప్రదర్శనల కోసం మ్యూజియంలు తీసుకునే ఒప్పంద ఉద్యోగులుగా, పరిశోధన సహాయకులుగా, ఇంటర్న్‌లుగా చేరడం చాలామంది అనుసరించే దారి. ఇందులో లాభం అనుభవం, నష్టం అనిశ్చితి. ప్రాజెక్టు నిధులు ముగిస్తే కొలువు ముగుస్తుంది.

శాశ్వత సంస్థ అనుకున్నదీ నిధుల మీదే నిలుస్తుంది. దక్షిణ కోల్‌కతా శివారు జోకాలోని గురుసదయ్ మ్యూజియం ఇందుకు ఉదాహరణ. ఐసీఎస్ అధికారి, వ్రతచారి ఉద్యమ స్థాపకుడు గురుసదయ్ దత్ (1882–1941) బెంగాల్ పల్లెల్లో తిరిగి సేకరించిన పటచిత్రాలు, మట్టిబొమ్మలు, కాంథాలు అక్కడ ఉన్నాయి. మానదాసుందరి దాసి అనే గృహిణి 19వ శతాబ్దంలో తన తండ్రి కోసం కుట్టిన కాంథా ఆ సేకరణలో మకుటాయమానం. కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ 2017 చివర్లో ఆర్థిక సహాయం ఆపివేయడంతో మ్యూజియం సిబ్బందికి జీతాలు కరువయ్యాయి. పాత గుడ్డ పొరలతో కుట్టిన కాంథా తేమలో ఒక్క వానాకాలం నిర్లక్ష్యానికి గురైనా చాలు, పోగు పోగుగా విడిపోతుంది. జీతం ఆగడం అక్కడి ఉద్యోగుల ఇంటి సమస్య మాత్రమే కాదు, ఆ కుట్టుపని మనుగడ సమస్య కూడా.

ప్రభుత్వం వెలుపల

ప్రైవేటు రంగంలో అవకాశాలు గత రెండు దశాబ్దాల్లో విస్తరించాయి. కోల్‌కతాలోని సీమా గ్యాలరీ, ఎక్స్‌పెరిమెంటర్, 2018లో ప్రారంభమైన కోల్‌కతా సెంటర్ ఫర్ క్రియేటివిటీ వంటి సంస్థలలో ప్రదర్శన నిర్వహణ, చిత్రాల రవాణా, బీమా పత్రాలు, కేటలాగు రచన, కార్యశాలల నిర్వహణ వంటి పనులు ఉంటాయి. ఇక్కడ పట్టా కన్నా చేసిన పని నమూనాలకు విలువ ఎక్కువ. గ్యాలరీకి అమ్మకం ముఖ్యం, మ్యూజియానికి భద్రపరచడం ముఖ్యం అన్న తేడాను చేరేవారు గుర్తుంచుకోవాలి.

స్వతంత్ర సంరక్షకులకు చర్చిలు, పాత క్లబ్బులు, జమీందారీ కుటుంబాలు, బ్యాంకులు పని ఇస్తాయి. సెయింట్ జాన్స్ చర్చిలో ఉన్న జోహాన్ జోఫానీ 1787 నాటి 'ది లాస్ట్ సప్పర్' చిత్రాన్ని 2010లో ఇంటాక్ సంరక్షకులు విదేశీ నిపుణుల సహకారంతో పునరుద్ధరించారు. విక్టోరియా మెమోరియల్ తైలవర్ణ చిత్రాల విషయంలోనూ 1990లలో బ్రిటిష్ నిపుణులు, స్థానిక సిబ్బంది కలిసి పనిచేశారు. ఇటువంటి ప్రాజెక్టుల్లో పక్కన నిలబడి నేర్చుకున్న చేతులే తర్వాతి తరానికి గురువులవుతాయి. ఈ వృత్తిలో పుస్తకం నేర్పేది సగమే.

తెలుగు నేలకు తిరుగుదారి

కోల్‌కతాలో నేర్చుకున్న పని తెలుగు నేలకు ఎలా ఉపయోగపడుతుందో అమరావతి చెబుతుంది. 1790లలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు ఇటుకలు, రాళ్ల కోసం అక్కడి దిబ్బను తవ్వించగా స్తూపం బయటపడింది. సంగతి తెలిసి మెకంజీ అక్కడికి వెళ్లారు. 1816లో మళ్లీ వచ్చి ఫలకాలకు చిత్రాలు గీయించారు. ఆ మధ్యకాలంలో ఎన్నో రాళ్లు కట్టడాల్లో కలిసిపోయాయి, సున్నం బట్టీల్లో కాలిపోయాయి. మిగిలినవి కొన్ని కలకత్తాకు, కొన్ని మద్రాసుకు, కొన్ని లండన్‌కు చేరాయి. చేరనివాటిలో కొన్నింటికి ఇప్పుడు ఆనవాలు ఆ చిత్రాలే. గీసినవి మనకు తెలుసు, గీయనివి ఉన్నాయో లేదో కూడా తెలియదు.

మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలోని అమరావతి శిల్పాలపై 1942లో ప్రామాణిక గ్రంథం వెలువరించిన సి. శివరామమూర్తి ఆ తర్వాత కలకత్తా ఇండియన్ మ్యూజియంలోనూ, ఢిల్లీ నేషనల్ మ్యూజియంలోనూ పనిచేసి డైరెక్టర్ స్థాయికి ఎదిగారు. చెదిరిపోయిన శిల్పసంపదను ఒక చోట చేర్చడం నేటికి సాధ్యం కాకపోవచ్చు. వాటి వివరాలను ఒక చోట చేర్చడం మాత్రం సాధ్యమే. కోల్‌కతాలోని ఫలకం పక్కన చెన్నైలోని ఫలకాన్ని, లండన్‌లోని ఫలకాన్ని తెరపై ఉంచి, శాసనం చదివి, ఒకే స్తూపపు ముక్కలుగా తిరిగి అమర్చగల పనికి లిపి తెలిసిన, కొలతలు తెలిసిన, ఆ ఊళ్ల పేర్లు తెలిసిన యువత కావాలి.

ఈ రంగంలోకి రాదలచినవారు ముందుగా చేయదగినది ఖర్చు లేని పని. సమీపంలోని ఏ చిన్న మ్యూజియానికైనా వెళ్లి ఒక్క వస్తువు ముందు గంటసేపు నిలబడి దాని కొలతలు అంచనా వేసి, పగుళ్లు గుర్తించి, పదార్థం ఏమిటో ఊహించి, చూసినదంతా ఒక పేజీలో రాయాలి. ఇంటికి వచ్చి ఆ పేజీని చదివినప్పుడు వస్తువును చూడనివారికి అది కళ్లముందు నిలిస్తే, డాక్యుమెంటేషన్‌లో తొలి పాఠం పూర్తయినట్టే. రెండు వందల ఏళ్ల కిందట కావలి లక్ష్మయ్య ఊరూరా తిరిగి చేసినదీ దాదాపు ఇదే పని.